ఏడు రకాల బిస్కెట్లు, ఒక బోరు

ఆ శుక్రవారం ఉదయం టూరే వేసుకున్న పథకం చాలా చిన్నది. పొరుగింటి అల్గోత్‌ను కాఫీకి పిలవాలి, ఒక కాగితం మీద సంతకం పెట్టించుకోవాలి. అంతే.

ఇంటిని వెచ్చబెట్టే పాత బాయిలరు పొగే తప్ప వేడి ఇవ్వడం మానేసింది. భూమిలోకి రెండు వందల మీటర్ల బోరు వేసి, అడుగున ఉన్న వెచ్చదనాన్ని పైకి తెచ్చుకుందామని టూరే నిర్ణయించాడు. బోరు లారీ వచ్చే గురువారం వాళ్ల వీధికి వస్తుంది. అది తప్పితే మళ్లీ మంచు కరిగాక, మే నెలలోనే. దేవుడు ఆ వేడిని ఎవరి వాటా ఎంతో రాయకుండానే భూమిలో దాచాడు గాని, మునిసిపాలిటీ మాత్రం బోరుకూ పొరుగువాడి సరిహద్దుకూ మధ్య పది మీటర్లు ఉండాలంది. లేదా పొరుగువాడి సంతకం తెమ్మంది. టూరే మూడు రోజులు టేపు పట్టుకుని తిరిగాడు. ఆ ఇరుకు స్థలంలో పది మీటర్లు వచ్చే చోటు ఒక్కటే దొరికింది. అది వంటింట్లో పొయ్యి కింద ఉంది. చివరికి అల్గోత్ వైపు కంచె మొక్కల పక్కన రెండు కర్రలు అడ్డంగా కట్టి గుర్తు పాతాడు.

తొమ్మిదేళ్ల పొరుగు వాళ్లది. పేపరు తెచ్చుకోవడానికి వెళ్లేముందు అవతలివాడు బయట లేడని కిటికీలోంచి చూసుకునేంత మర్యాద ఇద్దరికీ ఉంది. నిలువెత్తు కంచె ఆ మర్యాదను కాపాడుతూ వచ్చింది.

"కాఫీ, ఒక బన్ను చాలు" అన్నాడు టూరే.

"తొమ్మిదేళ్లకు మనిషిని పిలిచి బన్ను మొహాన కొడతామా? ఏడు రకాల బిస్కెట్లు చేస్తాను" అంది భార్య గున్‌వోర్.

ఏడు రకాలంటే ఆ ఊళ్లో బాప్తిస్మానికో, సమాధి కార్యక్రమానికో.

అల్గోత్ వచ్చి పళ్లేలు చూడగానే పాలిపోయాడు. ఇల్లు చల్లగా ఉంది. ఉన్ని టోపీ పెట్టుకున్న టూరే బాయిలరు పొగకు దగ్గుతున్నాడు.

"నిన్న గాలి ఎక్కువే" అన్నాడు టూరే, అసలు విషయానికి దారి వేస్తూ.

"అవును."

"ఇవాళ తగ్గింది."

"అవును."

ప్రతి రకమూ రుచి చూడకపోతే మర్యాద కాదు. ఏడోది మింగి అల్గోత్ లేచాడు. టూరే చేతిని రెండు చేతులతో పట్టుకుని నొక్కి వెళ్లిపోయాడు. కాగితం చక్కెర గిన్నె కిందే ఉండిపోయింది.

"అడిగావా?"

"నోట్లో బిస్కెట్ ఉన్నవాణ్ణి ఏమడగను?"

"నువ్వు మనిషివా, గుమ్మం కొయ్యవా?" అంటూ గున్‌వోర్ మర్నాడు ఆ కాగితాన్ని తానే అల్గోత్ పోస్టు డబ్బాలో వేసి వచ్చింది.

ఆదివారం చర్చిలో ప్రార్థనల జాబితా చదివే వంతు టూరేది. చదువుతూ చదువుతూ, "మరణానికి సిద్ధపడుతున్న మన సహోదరుడు టూరే కొరకు" అనేశాడు. కళ్లు మళ్లీ ఆ వరుస మీదికి వెళ్లేసరికే చర్చి అంతా తల వంచేసింది. ప్రార్థనకు సగంలో అడ్డుపడడం ఎలా? ఆమేన్ అన్నాడు.

"ఎంత ధైర్యం టూరే! నీ పేరు నువ్వే చదివావు" అంది పాస్టరు సోల్వేగ్, బయటికి రాగానే. "అల్గోత్ నాకంతా చెప్పాడు."

"నాకేం జబ్బు లేదు పాస్టరు గారూ!"

ఆమె అతని భుజం తట్టింది. "మొదట్లో అందరూ అలాగే అంటారు."

సాయంత్రానికి గుమ్మంలో ఓదార్పుగా ఆరు చేపల కూరలు చేరాయి. సోమవారం అల్గోత్ కాగితం సంతకంతో తిరిగి వచ్చింది. దానికో చీటీ: "చదవలేదు. కళ్లు తడిగా ఉన్నాయి. నీకేది కావాలన్నా నాకు సమ్మతమే."

"దేవుడి దయ! గురువారం దాకా దుప్పటి కప్పుకుని పడుకో. ఆ తర్వాత కోలుకుందువుగాని" అంది గున్‌వోర్.

"నేను అబద్ధమాడలేదు, నిజమే. కానీ అబద్ధం తెచ్చిన వేడితో ఒళ్లు కాచుకుంటే, అది ఎక్కడి వేడి అవుతుందే?"

"బోరు వాళ్లు రెండు వందల మీటర్లే అన్నారు. నరకం ఇంకా లోతు."

టూరేకు రాత్రంతా నిద్ర పట్టలేదు. మంగళవారం ఆ కాగితం పట్టుకుని వెళ్లి అల్గోత్ తలుపు తట్టాడు. అల్గోత్ ఇంట్లోనే ఓవర్‌కోటు వేసుకుని ఉన్నాడు.

"నేను చావడం లేదు, అల్గోత్."

"ఖాయమేనా?"

"పోయిన వారమే డాక్టరు చూశాడు. ఎద్దులా ఉన్నావన్నాడు."

"మరి ఏడు రకాలు?"

"గున్‌వోర్ పట్టుదల."

"కంచె పక్కన ఆ సిలువ?"

"బోరుకు గుర్తు. నువ్వు సంతకం పెట్టింది దానికే."

"అయితే ఆ కాగితం ఇలా ఇయ్యి" అని తీసుకుని అల్గోత్ నాలుగు ముక్కలు చేశాడు. అల్గోత్ కోటు లోపలి జేబులోంచి మడతలు నలిగిన మరో కాగితం తీశాడు. అదే మునిసిపాలిటీ, అదే సంతకం గడి.

"నా బాయిలరూ చచ్చింది. మూడేళ్లుగా దీన్ని జేబులో మోస్తున్నాను. శుక్రవారం నిన్ను అడుగుదామనే వచ్చాను. చావబోయేవాణ్ణి సంతకం ఎలా అడగను?"

రెండు బోర్లకు అక్కడ చోటు లేదు; పక్కపక్కనే వేస్తే ఒకదాని వేడిని ఇంకొకటి లాగేస్తుంది. ఎవరు ముందు తవ్వితే వారిదే వేడి, రెండోవాడికి చలి. ఇద్దరూ ఆ ఒక్క గంటలో తొమ్మిదేళ్లకు సరిపడా మాట్లాడుకున్నారు, అందులో సగం తిట్లు.

"ఒక్కటే వేసి ఇద్దరం వాడుకుంటే? ఇంకొంచెం లోతుగా?" అన్నాడు టూరే చివరికి.

బోరు వాళ్లకు ఫోను చేస్తే సరేనన్నారు. ఇద్దరూ చెరో వైపు నుంచి టేపులు లాగారు. రెండూ కంచె నడిమధ్యలో కలిశాయి. ఇద్దరూ ఆ మొక్కలను పోబోయే ఆత్మీయుణ్ణి చూసినట్టు చూశారు.

గురువారం లారీ వచ్చింది, కంచె పోయింది, రెండిళ్లూ వెచ్చబడ్డాయి.

ఇప్పుడు ఇద్దరూ రోజూ పొద్దున్నే ఒకరికొకరు గుడ్ మార్నింగ్ చెప్పుకోవలసి వస్తోంది.