దుర్గాంబ జుట్టు, ఫ్రెంచివాడి కాలు

అరవై ఎనిమిది వేసవిలో ఒక ఆదివారం ఉదయం దుర్గాంబ పెట్టుకున్న పని ఒక్కటే. సవరాలు అల్లే మనిషి ఈపురుపాలెం నుంచి బాపట్ల వచ్చే రోజు అది. తల దువ్వుకున్నప్పుడల్లా ఊడిన జుట్టును ఉండలు చుట్టి, ఏళ్ల తరబడి పాత దిండుగలీబులో దాచుకుంది. ఇవాళ దాంతో నడుం దాకా సవరం అల్లించుకోవాలి. గలీబు దింపి చెయ్యి పెడితే అడుగున చారెడు జుట్టే మిగిలి ఉంది.

ఎలుకలు జుట్టు ఎత్తుకుపోవు. దొంగ అయితే పక్కనున్న ఇత్తడి చెంబును వదలడు. ఇంట్లో ఉండేది తనూ, భర్త వెంకటప్పయ్యా. తాలూకా ఆఫీసులో గుమాస్తా అయిన వెంకటప్పయ్య ఆ పొద్దున్నే ఏం పనో చెప్పకుండా, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని తెనాలి రైలెక్కాడు. కొన్నాళ్లుగా ఆఫీసు నుంచి రాగానే పెరటి గదిలో దూరి గడియ పెట్టుకుంటున్నాడు. అడిగితే "ఫైళ్లు" అంటాడు. ఫైళ్లు చూసే మనిషి పంచె మీద మైనం మరకలు ఎందుకని ఆవిడకు ఇప్పటిదాకా అనుమానం రాలేదు.

ఇప్పుడు వచ్చింది. తెనాలిలో ఎవత్తె జడలోనో తన జుట్టు ఊగుతోంది.

గోడ అవతలి కోటేశ్వరమ్మను పిలిచి చెప్పుకుంది.

"సవరం కోసమే అయితే ఫరవాలేదు వదినా," అంది కోటేశ్వరమ్మ.

"ఫరవాలేదా!"

"ఆడమనిషి గొడవైతే నాలుగు తిట్లతో పోద్ది. నా భయం అది కాదు. తలవెంట్రుకలు, మైనం... ఇంట్లో ఇంకేమన్నా పోయినయ్యా?"

దుర్గాంబ ఆలోచించింది. "గుండుసూదులు పోయినయ్. కుంకుమ భరిణె సగానికి దిగింది."

కోటేశ్వరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "చేతబడి, వదినా!"

పెరటి గదికి తాళం వేసి ఉంది. కోటేశ్వరమ్మ గంగాళం బోర్లించి ఎక్కి, కిటికీ సందులో కన్ను పెట్టింది. నీలిమందు పూసిన బల్ల మీద తెల్లగుడ్డలు కట్టిన పాడెల్లాంటివి రెండు ఉన్నాయి. వాటి నిండా వేలెడు లేని మైనం మనుషులు. కొందరు వెల్లకిలా పడి ఉన్నారు. కొందరి నెత్తిన కుంకుమ. పైనుంచి కింది దాకా నల్లటి వెంట్రుకలు సాలెగూడులా బిగించి ఉన్నాయి. ఒక బొమ్మకు ఎడమ కాలు లేదు.

"మా ఆయన!" అని కెవ్వుమంది కోటేశ్వరమ్మ.

ఆవిడ భర్త బాలస్వామి మొన్ననే బావి దగ్గర జారిపడ్డాడు. ఎడమ కాలికి కట్టు కట్టుకుని, కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. ఆ అరుపుకు కర్రతో సహా వచ్చాడు. వెనకాలే వీధి వచ్చింది. తాళం విరగ్గొట్టారు. ఎవరి బొమ్మను వాళ్లు వెతుక్కున్నారు.

"నాకు మెడ పట్టేసి వారమైంది," అన్నాడు టైలరు అబ్దుల్ షుకూర్. "అదిగో చూడండి, ఆ చివరివాడు మెడ ఎట్టా వాల్చేశాడో!"

ఏ నొప్పీ లేని ప్రభుదాస్ మేష్టారు తన బొమ్మ కనపడక, ఇంకా చెయ్యలేదేమోనని అందరికంటే ఎక్కువ భయపడ్డాడు.

తగలబెట్టాలని తేల్చారు. దుర్గాంబ కూడా తలూపింది. బాలస్వామి కుంటుకుంటూ వెళ్లి కిరసనాయిలు డబ్బా తెచ్చాడు.

"ముందు ఆ వెంట్రుకలకి అంటించండి," అంది కోటేశ్వరమ్మ. "చరచరా అంటుకుంటయ్."

దుర్గాంబ చెయ్యి అడ్డం పెట్టింది. "ఆగండాగండి! ఆ వెంట్రుకలు నావి."

"అయితే ఏంటమ్మా?"

"బొమ్మకి కాలు లేకపోతేనే అన్నయ్యగారికి కాలు పోయింది గదా! నా జుట్టంతా తగలబెడితే నేనేమైపోతాను?"

"నీకేం కాదులే వదినా," అంది కోటేశ్వరమ్మ, జామచెట్టు వైపు చూస్తూ.

ఆ చూపు దుర్గాంబకు నచ్చలేదు. రోకలి తెచ్చుకుని గుమ్మానికి అడ్డంగా కూచుంది. "అగ్గిపుల్ల గీసినవాణ్ణి ఇక్కడే దంచుతా!"

మధ్యాహ్నం పాసింజరు దిగి వెంకటప్పయ్య ఇల్లు చేరేసరికి పెరట్లో వీధి, గుమ్మంలో భార్య, మధ్యలో కిరసనాయిలు. ఇక దాచి లాభం లేకపోయింది.

"అయ్యా, అవి ఓడలు. నూట అరవై ఏళ్ల కిందట ఇంగ్లీషువాళ్లకీ ఫ్రెంచివాళ్లకీ సముద్రం మీద జరిగిన యుద్ధం. పాత పత్రికలో బొమ్మ చూసి చేశాను. తెనాలి ఎగ్జిబిషన్లో పెడతామన్నారు, అందుకే వెళ్లొచ్చాను. దారమైతే నూగు లేస్తది, తెరచాప తాళ్లకి వెంట్రుకే బాగుంటది. మేకులకి గుండుసూదులు, నెత్తురికి కుంకుమ. చెబితే నవ్వుతారని..."

తాలూకా ఆఫీసు గుమాస్తా తలుపేసుకుని బొమ్మలాడుకుంటున్నాడని నమ్మడం కన్నా, చేతబడి చేస్తున్నాడని నమ్మడమే వీధికి మర్యాదగా తోచింది.

"వీడు ఫ్రెంచివాడయ్యా! ఫిరంగిగుండు తగిలి కాలు పోయింది," అన్నాడు వెంకటప్పయ్య.

"ఫ్రెంచివాడికి సరిగ్గా ఎడమ కాలే ఎందుకు పోద్ది బావగారూ?" అన్నాడు బాలస్వామి.

దుర్గాంబ లేచి నిలబడింది.

"ఏవండీ, ఫ్రెంచివాళ్ల సంగతి తర్వాత. ముందు అన్నయ్యగారికి కాలు అతికించండి."

"యుద్ధమన్నాక దెబ్బలు తగలవుటే?"

"నా జుట్టుతో కట్టిన యుద్ధంలో తగలవు."

కాలు అతికించాడు. బాలస్వామి పాదం నేలకు ఆనించి చూసుకుని, కొంచెం తేలికైందన్నాడు. అంతే, వీధి వరసలో నిలబడింది. షుకూర్ మెడ నిటారుగా నిలిచింది. కుంకుమలన్నీ తుడిచారు. వెల్లకిలా పడ్డవాళ్లనందరినీ లేపి నిలబెట్టారు. మేష్టారు బతిమాలితే ఆయనకూ ఒక బొమ్మ చేసి, ఫిరంగులకు దూరంగా నీడలో కూచోబెట్టారు.

తెనాలి దాకా ఓడలను దుర్గాంబే ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లింది. ఎగ్జిబిషన్లో బహుమతులు తేల్చడానికి రేపల్లె నుంచి వచ్చిన పెద్దమనిషి కళ్లజోడు సవరించుకుని చూశాడు.

"ఏంటండీ ఇది?"

"సముద్ర యుద్ధమండి," అన్నాడు వెంకటప్పయ్య.

"యుద్ధమా? అందరూ పెళ్లి ఫొటోకి నిలబడ్డట్టున్నారే! దెబ్బలు తిన్నవాళ్లేరీ? చచ్చినవాళ్లేరీ?"

వెంకటప్పయ్య నోరు తెరిచేలోపు దుర్గాంబ అందుకుంది.

"మా వీధిలో ఎవరూ పోలేదండి."

మొదటి బహుమతి కాకుమాను నుంచి వచ్చిన గుమ్మడికాయకు ఇచ్చారు.