జావడబ్బా గర్వభంగము

నాకు అన్నిటికన్నా పెద్ద భయం ఒక్కటే: నా పాప ఆకలితో ఉండి, ఆ సంగతి నాకు తెలియకపోవడం. ఆ భయం తెచ్చిపెట్టిన మహాసంగ్రామం ఇది. వినండి.

సహస్రకిరణుడు వంటింటి కిటికీ ఊచల నడుమ నుండి దిగివచ్చి, సింకులోని ఎంగిలిగిన్నెల శిఖరములను స్వర్ణమయము గావించుచుండ, ప్రెషర్ కుక్కరు సమరశంఖము పూరించుచుండ, పొయ్యి ప్రక్క గట్టుపై రజతకవచధారి, బహువర్ణశోభితుడు, నవ్వుచున్న పసిబిడ్డ బొమ్మను వక్షఃస్థలమున దాల్చిన మహావంచకుడు, జావపొడి డబ్బా, సింహాసనాసీనుడై యుండెను. “ఒక స్కూపు, ముప్పై గ్రాములు, నూటఇరవై కేలరీలు” అని వాని వీపున శాసనము! బడి మధ్యలో మానేసినదానను; అచ్చులో ఉన్నది అబద్ధమెట్లగునని శిరసు వంచితిని. పాప బరువు తక్కువని, నెలనెలా తూచు నర్సు చెప్పిన కేలరీలకు సరిపడా స్కూపులను చాకుతో చదునుచేసి మరీ కొలిచితిని. లెక్క తీరగానే చెంచా దించితిని. పాప మాత్రము ఖాళీ గిన్నెకేసి నోరు తెరచుచునే యుండెను. బరువు పెరగలేదు. వచ్చేసారి కూడా పెరగకున్న ఆసుపత్రిలో చేర్చవలెనని నర్సు తేల్చిచెప్పెను.

“ఇంకా అడుగుతోందే పిల్ల! పెట్టవే తల్లీ,” అనెను మా అత్తగారు, ఎవరో అడిగిన కేకుకు పిండి తూచుచు.

“లెక్క అయిపోయింది అత్తయ్యా. ఎక్కువైతే అరగదేమో.”

“జావ తినిపిస్తున్నావా, అంకెలు తినిపిస్తున్నావా?”

ఆ వాగ్బాణము గుండెలో సూటిగా నాటుకొనెను. నేను చివాలున లేచితిని.

“ఆ త్రాసు ఇలా ఇవ్వండి.”

“నా పిండి ఒలకబోశావంటే చూడు!”

అంతట చెంచాధారిణినై, జావలిప్తహస్తనై, గర్జించితిని: “ఓరీ డబ్బాధమా! ముప్పై గ్రాములని నీ నోటనే పలికితివి. నేడు నీ సత్యసంధత త్రాసుపై తేలుగాక!”

చదునుచేసిన స్కూపును త్రాసుమీది గిన్నెలో ఒంపితిని. ఇరవైరెండు!

“మళ్లీ వెయ్యి,” అనెను అత్తగారు, కేకు మరచి. మరల ఇరవైరెండు! పూటపూటకు నా బిడ్డ నోటికాడి కూడు పావువంతుకు పైగా మాయమగుచుండెను! వెంటనే నర్సుకు ఫోను చేసితిని.

“స్కూపును నమ్మొద్దమ్మా, పొడి వదులుగా పడుతుంది. డబ్బా మీద కేలరీలైనా సుమారు లెక్కే. పాప తల తిప్పేసేదాకా పెట్టు,” అనెను ఆమె.

పెట్టితిని. చెంచా వెంట చెంచా కదిలెను. గిన్నె రెండుమార్లు నిండెను, రెండుమార్లు నేలమట్టమాయెను. తుదకు పాప తల త్రిప్పి, “బుర్ర్” మని ఊదగా, డబ్బాగారి నగుమోమున జావాభిషేకము జరిగెను. “ఇంక చాలట మహారాణీగారికి!” అని అత్తగారు పకపకా నవ్వెను.

త్రిలోకవాసులారా, వినుడు! మొన్నటి తూకమున నా పాప వంద గ్రాములు పెరిగెను! వంద!

అయితే, ఆ తూకం నుంచి తిరిగొస్తుంటే బస్టాపులో ఆకుపచ్చ స్వెటరు వేసుకున్న ఒక తల్లి కనబడింది. ఒళ్లో సన్నటి పిల్లవాడు, చేతిలో అదే డబ్బా. అంకెల కింద వేలు పెట్టి చదువుకుంటోంది. నేను పిలిచేలోపు బస్సెక్కేసింది. ఆమె మీ వీధిలో ఉంటే, ఈ పూటే ఒకసారి వెళ్లి చూసి రండి. ఆ పిల్లవాడికి ఇంకొంచెం పెట్టమనండి.