గురుస్వామి కోడలి వేషం

ఇరవై ఏళ్లు నిండిన ప్రతి మగపిల్లవాడి చేతా ఒక ఎండాకాలమంతా ఆడవేషం కట్టించాలని చెన్నపట్నం గవర్నమెంటు వారు వెంటనే చట్టం చేయాలి. చదివేవారు కోపం తెచ్చుకోకండి. నా మతి బాగానే ఉంది. కావాలంటే మార్కాపురంలో నన్నెరిగిన వాళ్లను అడగండి. అడక్కుండా నా మాటే నమ్మితే ఇంకా మంచిది.

నాటకాల వల్ల కుర్రవాళ్లు చెడిపోతున్నారని ఈ మధ్య మన తాలూకాల్లో పెద్దమనుషులది ఒకటే గోల. గిద్దలూరు స్టేషన్లో ఒకాయన నన్ను పట్టుకుని బండి వచ్చిందాకా ఈ మాటే చెప్పినాడు. ఆ రోజు బండి లేటు. అంటే ఎంత చెప్పినాడో మీరే ఊహించుకోండి. జుట్టు పెంచుతారట, బీడీలు తాగుతారట, పొలం పని ఎగ్గొడతారట.

నాటకాలు లేని ఊళ్లో పని ఎగ్గొట్టేవాళ్లు లేరా? వాళ్లు ఎగ్గొట్టి పేకాడతారు. వీళ్లు ఎగ్గొట్టి పద్యాలు పాడతారు. పేకాటలో రాగముందా, తాళముందా?

యర్రగొండపాలెంలో ఒక పిల్లవాడికి పన్నెండో ఎక్కం ఎక్కించలేక ఇద్దరు అయ్యవార్లు ట్రాన్స్‌ఫర్ చేయించుకున్నారు. ఇప్పుడా పిల్లవాడు నాటకమంతా, తన పాత్రే కాదు, అందరి పాత్రలూ అప్పజెబుతున్నాడు. పామూరులో ఒకడు ఇంటికి చుట్టాలొస్తే గడ్డివామి వెనక దాక్కునేవాడు. ఇప్పుడు చుట్టాలే దాక్కుంటున్నారు, ఎక్కడ పాట ఎత్తుకుంటాడోనని. ధైర్యమంటే ఇది కాదా?

అయితే రాజు వేషం కట్టినవాడితో మాత్రం కొంచెం జాగ్రత్తగా ఉండాలి. వాడు కిరీటం తీస్తాడు గానీ రాజ్యం దిగడు. ఇంట్లో మంచం మీద పడుకుని, ‘ఎవరక్కడ’ అంటాడు. అక్కడ వాళ్లమ్మ తప్ప ఎవరూ ఉండరు. పాపం ఆమే మంచినీళ్లు తెస్తుంది.

అందుకే నేను ఆడవేషమే కట్టించాలంటున్నది. ఇది ఊరికే అంటున్న మాట కాదు. పోయిన ఎండాకాలం పెద్దారవీడు దగ్గర పల్లెలో జరిగిన సంగతి ఇది. అందులో కొంత నేను కళ్లారా చూసినాను.

ఆ పల్లెలో వెంకటసుబ్బయ్య అని ఒక రైతు. రెండు జతల కాడెద్దులు, జొన్నచేలు, ఊళ్లో పెద్దరికం ఉన్నవాడు. ఆయన ఒక్కగానొక్క కొడుకు గురుస్వామి. ఇరవై ఒకటో ఏడు. తేలు కొండి మాదిరి పైకి తిప్పిన మీసం. ఆ మీసానికి పూట పూటా ఆముదం రాసేవాడు. పెళ్లయి మూడేళ్లయింది. భార్య పేరు సామ్రాజ్యం.

పంటలు ఇళ్లకు చేరినాక ఊరి కుర్రవాళ్లు నాటకమాడాలని కంభం నుంచి గంగయ్య పంతులనే హార్మోనియం ఆయన్ను పిలిపించుకున్నారు. నాటకం పంతులు సొంతంగా రాసింది. అత్త చేతిలో కష్టాలు పడే కోడలి కథ. ఆఖరి అంకంలో తప్ప మొగుడికి బుద్ధి రాదు.

గురుస్వామి మొగుడి వేషానికి వచ్చినాడు. అందులో కోటు ఉంది, చేతికర్ర ఉంది. పంతులు వాడి చేత ఒక పద్యం పాడించి, హార్మోనియం ఆపి, కోడలి వేషం నీదే అన్నాడు. వీడు లేచి పోబోయినాడు.

“కూర్చో నాయనా. ఈ గొంతు దేవుడు కోడలికని చేసినాడు. పొరపాటున నీ మెడలో పెట్టినాడు. నేనేం చేసేది?” అన్నాడు పంతులు.

మొగుడికి మూడే పాటలు, కోడలికి పదకొండు అని తెలిసినాక గురుస్వామి కొంచెం మెత్తబడినాడు. మరునాడు మంగలి దగ్గరికి పోయి మీసం తీయించుకుని ఇంటికొచ్చినాడు. వెంకటసుబ్బయ్య అరుగు మీద కూర్చోని ఉన్నాడు. కొడుకు మొహం చూసి తన చేతి నాడి ఒకసారి పట్టి చూసుకుని, “నేనింకా బతికే ఉండానే, మీసం తీసినావేందిరా?” అన్నాడు.

రిహార్సళ్లు మొదలైనాయి. గొంతు బంగారమే గానీ నడక కుదరలేదు. చంకన కడవ పెట్టుకుంటే గురుస్వామి ఎద్దు మెడ పట్టుకున్నట్లు పట్టుకునేవాడు. పంతులు విసిగిపోయి, మీ ఇంట్లో ఆడవాళ్లు లేరా, పోయి చూసి రమ్మన్నాడు.

ఉన్నారు. మూడేళ్ల నుంచి సామ్రాజ్యం ఆ ఇంట్లోనే తిరుగుతోంది. అయితే చూడడమనే పని గురుస్వామికి ఎప్పుడూ పడలేదు. నీళ్లు అడిగితే వచ్చేవి, సంగటి అడిగితే వచ్చేది. వచ్చేదాన్ని చూస్తాం గానీ తెచ్చే చేతిని చూస్తామా?

మరునాడు పొద్దున మంచం మీద కూర్చోని చూడడం మొదలుపెట్టినాడు. సామ్రాజ్యం చీకటితోనే లేచి జొన్నలు విసరడం, కసువు ఊడ్చడం, బర్రెకు కుడితి పెట్టడం, కడవ చంకన పెట్టుకుని బావికి పోవడం, వెనక్కి రావడం, మళ్లీ పోవడం. ఆ పిల్లకు భయమేసింది. మొగుడికి చలిజ్వరం తగిలిందేమోనని అత్త రోశమ్మతో చెప్పింది. రోశమ్మ ఎర్రగా మండే నిప్పుల్లో మిరపకాయలు వేసి కొడుక్కి దిష్టి తీసింది. వాడు తుమ్ముతూనే చూసినాడు.

చివరికి గురుస్వామి సిగ్గు విడిచి, కడవ ఎట్ల ఎత్తుకోవాలో నేర్పమని పెరట్లో భార్యను అడిగినాడు. సామ్రాజ్యం ముందు నోరు మూసుకుని నవ్వింది, ఆ తర్వాత నేర్పింది. ఖాళీ కడవతో నడుం వంగదు, నిండు కడవతోనే నడక వస్తదని చెప్పింది. దాంతో గురుస్వామి కడవ తీసుకుని బావికి పోయినాడు. బావి దగ్గర ఆడవాళ్లు చేదలు వదిలేసి నవ్వినారు. పుట్టినప్పటి నుంచి తాగుతున్న నీళ్లే అయినా ఆ బావి ఎంత లోతో వాడికి ఆ రోజే తెలిసింది.

తిరగలి పాట ఒకటి ఉంది నాటకంలో. విసిరే చెయ్యి తిరిగే కొద్దీ పాట తెగి తెగి రావాలట. ప్రాక్టీసు కోసం గురుస్వామి నిజంగానే జొన్నలు విసిరినాడు. పాట కుదిరింది, పిండీ వచ్చింది. ఆ పొద్దున సామ్రాజ్యం గడప మీద ఊరికే కూర్చోని, ఏం చేయాలో తోచక తన చేతులే చూసుకుంది.

అత్త వేషం సుబ్బన్నది. వాళ్లు గొర్రెలు కాచుకునేవాళ్లు. సుబ్బన్న తల్లి మహా మెత్తని మనిషి, ఇంట్లో నేర్చుకోవడానికి తిట్టు లేదు. అందుకని రోజూ రోశమ్మ దగ్గరికి వచ్చి కూర్చునేవాడు. ఆమె కోడల్ని ఏమంటున్నదో, అన్నప్పుడు చెయ్యి ఎటు తిప్పుతున్నదో చూసి పోయేవాడు. రోశమ్మకు ఈ సంగతి తెలీదు. పెద్దవాళ్లంటే ఎంత గౌరవమో ఆ పిల్లగానికి అని నలుగురితో చెప్పుకునేది.

నాలుగో అంకంలో కోడలు అందరూ తిన్నాక అడుగంటిన కుండ గీకే సీను ఉంది. అది గురుస్వామికి ఎంతకీ రాలేదు. కడుపునిండా తిని వచ్చి ఆకలంటే ఎవరు నమ్ముతారని పంతులు కసిరినాడు. ఆ రోజు గురుస్వామి ఇంటికి పోయి, తాను అందరికంటే చివర తింటానన్నాడు. నాయన తిన్నాడు, జీతగాళ్లు తిన్నారు, అమ్మ తిన్నది. కుండలో మాడిన అడుగు మిగిలింది. పులుసు లేదు, నంజుకోవడానికి గొడ్డుకారం ఉంది.

“రోజూ ఇంతేనా?” అని అడిగినాడు.

సామ్రాజ్యం కొంచెం ఆలోచించి, “చుట్టాలు రాని రోజు కొంచెం మిగుల్తది” అన్నది.

మరునాడు రిహార్సల్లో గురుస్వామి ఖాళీ కుండ గీకుతుంటే పంతులు చేతులు హార్మోనియం వాయించడం మరిచిపోయినాయి. ఏమని దిద్దాలో తోచక, ఈ పూటకు చాలు పొండి అన్నాడట.

ఇక నాటకం. ఆ రోజుకు నన్ను ప్రెసిడెంటుగా పిలిచినారు. కళ్లంలో స్టేజీ, నంద్యాల నుంచి కర్టెన్లు, రెండు పెట్రోమాక్స్ లైట్లు. ముందు వరసలో కుర్చీలు మాకు, వెనక చాపలు మిగతా మగవాళ్లకు, ఆ వెనక బండ్ల అవతల ఆడవాళ్లకు. అక్కడికి పాట వినపడుతుంది, మనుషులు చీమలంత కనపడతారు.

గురుస్వామి కడవ ఎత్తుకుని రాగానే జనం చప్పట్లు కొట్టినారు. కుండ గీకే సీనుకు వెంకటసుబ్బయ్య తుండుగుడ్డలో మొహం దాచుకున్నాడు. నా పక్కన కూర్చున్న మునసబు గారు వెక్కి వెక్కి ఏడ్చినారు. నేనూ ఏడ్చినాను, ప్రెసిడెంటును గనుక కొంచెం హుందాగా. బండ్ల అవతల రోశమ్మ, “ఏ కొంపదో గానీ ఆ అత్త ఎంత పాపిష్టిది, కోడల్ని అట్ల కాల్చుకు తింటదా” అని పక్కనామెతో అన్నదట. పక్కనామె కొంగు నోట్లో కుక్కుకుందట.

గురుస్వామికి వెండి మెడల్ ఇచ్చినాం. నాటకాల వల్ల యువకులకు జ్ఞాపకశక్తి, వాక్కు, వినయం ఎట్ల వస్తాయో నేను సుదీర్ఘంగా ఉపన్యసించినాను. ఆడదంటే ఇట్లుండాలని అందరం ఏకగ్రీవంగా ఒప్పుకున్నాం.

మరునాడు పొద్దున వెంకటసుబ్బయ్య ఇంట్లో నాకూ మునసబు గారికీ ఫలహారం. గురుస్వామి నడకను పొగుడుతూ తింటున్నాం. కడవ ఎత్తడం చూసినారా, ఆ అలసట చూసినారా, అచ్చం ఆడదే. తిన్నాక చేతులకు నీళ్లు తెమ్మని వెంకటసుబ్బయ్య లోపలికి కేకేసినాడు. గోలెంలో నీళ్లు లేవు. సామ్రాజ్యం రొట్టె కాలుస్తోంది. గురుస్వామి లేచి మూల ఉన్న కడవ ఎత్తుకున్నాడు.

వెంకటసుబ్బయ్య మొహం మారింది. “కడవ దించు. నాటకం అయిపాయె గదరా” అన్నాడు.

గురుస్వామి కడవ దించలేదు. గడప దాటనూ లేదు. తండ్రి మాటకు ఎదురు చెప్పడం ఆ ఇంట్లో ఎప్పుడూ లేదు. అట్లే నిలబడిపోయినాడు. మాకు ఎంగిలి చేతులు ఆరిపోతున్నాయి. ఆ ఇబ్బంది పోగొడదామని నేను పెద్దమనిషి తరహాలో లోపలికి చూసి, అమ్మా, నీ పెనిమిటి అంత గొప్పగా కోడలి వేషం వేసినాడు గదా, నీకెట్ల అనిపించిందని అడిగినాను.

సామ్రాజ్యం పెనం మీద రొట్టె తిప్పి, తల ఎత్తకుండా చెప్పింది. “బాగనే ఏసినాడు తాతా. ఆ ఏసం నేను రోజూ ఏస్తానే ఉండా. పెట్రోమాక్స్ లైటు లేదు గదా, మీకు కనపడలా.”

మునసబు గారు విస్తరి వంక చూసుకున్నారు. గురుస్వామి మాత్రం, “నాయనా, పోయి వస్తా” అని మెల్లగా చెప్పి బావికి పోయినాడు. తెచ్చిన నీళ్లతో మేము చేతులు కడుక్కున్నాం. చల్లగా ఉన్నాయి.

తర్వాతి కబుర్లు గంగయ్య పంతులు చెప్పినాడు. గురుస్వామికి మీసం మళ్లీ వచ్చిందట, కడవ మాత్రం పోలేదట. ఆ ఇంట్లో ఇప్పుడు మొగుడు, పెళ్లాం, అత్త ముగ్గురూ ఒకేసారి కూర్చోని తింటున్నారట. వెంకటసుబ్బయ్య పరువు కోసం ముందే తింటాడట గానీ, తిన్నాక మాటలు వినడానికి అక్కడే కూర్చుంటాడట. రోశమ్మ మొదట్లో గొణిగిందట. ఒకరోజు తింటూ తింటూ ఆగి, “ఈ ఇంటికి కోడలుగా వచ్చినంక ఉడుకు సంగటి తినేది ఇదే మొదలు గదమ్మా” అన్నదట. అప్పటి నుంచి గొణగడం లేదట.

ఇది చూసి ఊళ్లో ఇంకో నలుగురు కుర్రవాళ్ల భార్యలు, వచ్చే ఏడు మా ఆయనకు ఆడవేషమే ఇవ్వమని పంతులుకు వర్తమానం పంపినారట. ఇంత లాభం ఏ స్కూల్లో ఉంది? ఏ పుస్తకంలో ఉంది?

ఊరి పెద్దలు చావిట్లో కూర్చోని ఈ విషయం లోతుగా ఆలోచించినారు. గురుస్వామి చెడిపోయినాడని తేల్చినారు. ఎట్ల చెడిపోయినాడని ఒక ముసలాయన అడిగితే, పెళ్లాం తిన్నదా లేదా అని కనుక్కుంటున్నాడని సాక్ష్యం చెప్పినారు. ఇక మీదట కోడళ్ల కథలు వద్దని, వచ్చే ఏడు యుద్ధాల నాటకమే ఆడాలని తీర్మానం చేసినారు. అందరికీ మీసాలు, అందరికీ కత్తులు. దానికి కూడా నన్నే ప్రెసిడెంటుగా రమ్మన్నారు. సరేనన్నాను. ముందు వరసలో కుర్చీ వదులుకోవడం ఎవరికి ఇష్టం?

మన పెద్దల ముందుచూపును మెచ్చుకోవాలి. కత్తులు పట్టి తిరిగే కుర్రవాళ్లను చూస్తే వాళ్లకు ఏ బెదురూ లేదు. కడవ ఎత్తుకున్న ఒక్కడిని చూసి వణికిపోయినారు.