ఎనిమిది ముక్కల మాట

నలభై రెండేళ్ల వయసులో విశ్వేశ్వరరావుకి నాలుక తిరగని కష్టం వచ్చిపడింది. హైటెక్ సిటీలో ఆయన పనిచేసే కంపెనీకి ఫ్రెంచివాళ్ల కాంట్రాక్టు దొరికింది. ఫ్రెంచిలో బారెడు మాటల్ని ముక్కలు చేసి సరిగ్గా పలికినవాళ్లని ఏడాదిపాటు పారిస్ పంపుతారట. భార్యల్ని మాత్రం పంపరట. ఈ సంగతి ఆయన రత్నమాలకి చెప్పలేదు.

"ప్రమోషన్ పరీక్షోయ్" అని ఊరుకున్నాడు.

మదీనాగూడలో వాళ్లుండేది కొత్త అపార్ట్‌మెంటు. పన్నెండు ఫ్లాట్లలో పదింటికి తాళాలే. కాకినాడలో గోడవతల పోపు వాసన పట్టి కూరేమిటో చెప్పగలిగిన మనిషిని, ఇక్కడ పలకరించేవి హైవే మీద లారీల హారన్లే. రత్నమాల ఒంటరితనం చూస్తే జాలేస్తుంది. చూడాల్సిన మనిషి మాత్రం టేప్‌రికార్డర్ వైపు చూస్తూ కూర్చునేవాడు.

"ఆం... తి... కోంస్... తి... త్యూ..." అని అక్కడ ఆగిపోయేవాడు. మొత్తం మాటకి రాజ్యాంగవిరుద్ధంగా అని అర్థం.

"వాళ్ల రాజ్యాంగంతో మీకేం గొడవండీ?"

"నీకు తెలీదు, నువ్వూరుకో!"

ఆదివారం పొద్దున ఫోన్లో పరీక్ష. చేసేది కంపెనీలో ఫ్రెంచి క్లాసు చెప్పే ట్రైనర్ రోహిణి. ఆ క్లాసులో ఈయన చివరి వరసలో కూర్చుని పెదాలు కదపడమే తప్ప గొంతెత్తిన పాపాన పోలేదు. అందుకే బ్రహ్మాండమైన ఉపాయం తట్టింది. అడిగేవి చివరి పాఠంలో మాటలే, అదీ వరసగానే. క్యాసెట్లో ఉన్నది మగగొంతే. టేప్ దగ్గర రిసీవర్ పెట్టి మీట నొక్కితే సరి!

ఫోన్ మోగింది. మీట నొక్కాడు. క్యాసెట్లో దొరగారు నిద్రమాత్ర మింగినట్టు "ఆఁ... ఆఁ..." అని మూలిగి, కీచుమని ఆగిపోయాడు. మీట పైకెత్తితే రీలంతా చిక్కుపడి బయటికొచ్చింది.

"సార్, పానం మంచిగుందా? దవాఖానకు పోతరా?" అంది రోహిణి.

 అంతలో వంటింట్లోంచి, బెండకాయలు తరిగే చప్పుడుతో పాటు గొంతొకటి వినిపించింది. "ఆం, తి, కోంస్, తి, త్యూ, స్యొ, నెల్, మాం. చివరి ముక్క మీద బరువెయ్యాలండీ." బెండకాయ ముక్కకో మాట ముక్క, తడబాటన్నదే లేదు.

"సార్, జర ఆగుండ్రి. ఎన్కనించి చెప్తున్నదెవరు?"

"మా... మా ఆవిడండీ."

"ఫోన్ ఆమెకియ్యిండ్రి!"

రత్నమాల చేతులు తుడుచుకుంటూ వచ్చింది. రోహిణి పది మాటలడిగింది, పదీ చెప్పింది. తర్వాత చాలాసేపు వింటూ నిలబడింది.

"సార్ పారిస్ పోతే ఏడాది ఒక్కదానివే ఎట్లుంటవని అడుగుతోందావిడ" అంది ఫోన్ పెట్టేసి. "ఇప్పుడిక మీరు వెళ్లక్కర్లేదట. రేపట్నించి నన్ను క్లాసుకి రమ్మంది, అక్కడివాళ్లకి పలకడం నేర్పడానికి."

విశ్వేశ్వరరావు తల దించుకుని రీలు చుట్టసాగాడు. "కొత్త క్యాసెట్ ఇంతలా ఎలా అరిగిందోయ్?"

"రోజంతా పెట్టుకునేదాన్నండీ. ఇంట్లో మనిషి గొంతొకటి వినపడుతుందని."

ఆయన రీలు వదిలేశాడు. "అంత బెంగగా ఉంటే నాతో ఒక్క మాటైనా అనలేదేం?"

"అన్నానండీ. చాలాసార్లు. అప్పుడల్లా మీరు ఫ్రెంచి వల్లిస్తున్నారు."