సాలుకొక స్వల్ప పాపం

ఏసురత్నం నా చేను తిన్నాడు. దానికి నాకు బాధ లేదు. ఒక్క చావైన పాపం కూడా చేయకుండా తిన్నాడు చూడండి, అదీ నా బాధ!

కనగానపల్లి దగ్గర మా పల్లెకు ఆయనే ఉపదేశి. ఫాదర్ ధర్మవరం నుంచి నెలకొకసారి వస్తాడు. తక్కిన ఆదివారాలు ప్రార్థన చెప్పేది, పిల్లోళ్లకు జ్ఞానోపదేశం నేర్పేది ఏసురత్నమే. నాకు వరసకు బావ. నా కూతురు శైలజకు జ్ఞానస్నానమప్పుడు నిలబడిన జ్ఞాన తండ్రి. నా చేనుకు తూర్పు గట్టు దాటితే ఆయన చేనే.

నేను ఐదో తరగతిలో బడి వదిలేసినోణ్ణి. అయినా ధైర్యంగా చెప్తాండా, వినండి. పాపానికి కొలత పెట్టిన మా సత్యోపదేశం రైతుకు బోరు కంటే మేలు! బోరు ఎండిపోతుంది. ఉపదేశం ఎండుతుందా?

చావైన పాపం కావాలంటే మూడు ఉండాల. విషయం పెద్దదై ఉండాల. తప్పని పూర్తిగా తెలిసి ఉండాల. మనసారా ఒప్పుకొని చేసి ఉండాల. ఒకటి తగ్గినా అది స్వల్ప పాపమే. ఎంత సులువో చూడండి! పాసుబుక్కు కావాలంటే పదకొండు కాగితాలు అడుగుతారు. నరకానికి మూడే. అందులో ఒకటి లేకపోయినా వాకిట్లోనే వెనక్కి పంపిస్తారు!

తొంభైలో తొలకరి పడింది. శెనక్కాయ విత్తే ముందు ఏసురత్నం మడకతో దున్నుతూ దున్నుతూ గట్టు దాటి నా పక్క ఒక సాలు తోలినాడు. గట్టును కూడా అంత ఇవతలకు జరిపి చక్కగా పోసినాడు.

"ఏం బావా, సాలు ఇట్లొచ్చింది?" అన్నా.

"ఎద్దు లాగింది పౌలూ. పశువు గదా, దానికి తెలివి యాడుండాది?"

తెలివి లేదంటే రెండో షరతు పోయినట్లే గదా! ఇంటికొచ్చి అన్నం తిని పడుకున్నా.

మరుసటేడు కూడా ఎద్దు లాగింది. మూడో ఏడు ఆ ఎద్దును సంతలో అమ్మేసి కొత్తది తెచ్చినాడు. కొత్తదానికి కూడా నా చేనంటేనే ప్రేమ! ఎన్ని ఎద్దులు మారినా పాపం, ఒక్కటీ అటుపక్కకు లాగలేదు.

సాలంటే ఎంత? జానెడు. జానెడు నేల పెద్ద విషయమవుతుందా? కాదు. ఈస్టర్‌కు ముందర తపస్కాలం రాగానే ఏసురత్నం ఫాదర్ చెవిలో పాపాలు చెప్పి, పాపసంకీర్తనం చేసుకొని, తోమిన చెంబు మాదిరి మొగంతో బయటికొస్తాడు. ఈస్టర్ పోతుంది. మళ్లీ తొలకరి వస్తుంది. మళ్లీ జానెడు. "స్వల్ప పాపాలు ఎన్ని కూడినా ఒక చావైన పాపం కాదు" అని పిల్లోళ్లకు బట్టీ పట్టించినాడు. శైలజ ఇంటికొచ్చి అదే పాఠం నా ముందర గడగడా అప్పజెప్పింది. నేను ఫీజు లేకుండా నేర్చుకున్నా!

మా నాయన నాటిన కానుగ చెట్టొకటి ఉండాది. గట్టుకు ఆరడుగులు ఇవతల, నా చేనులో. సద్ది తినేది దాని నీడలోనే. తొమ్మిదో ఏటికి ఆ చెట్టు గట్టు దాటి ఏసురత్నం చేనులోకి పోయి నిలబడింది. చెట్లు నడవవని ఎవరన్నారు?

"నోరు లేదా నీకు? పోయి అడుగు," అనింది నా భార్య మంజుల.

ఎట్లడగల్ల? శైలజకు మిషన్ హాస్టల్లో సీటు కావాలంటే ఉపదేశి చీటీ రాయల్ల. చీటీ వచ్చింది, సీటు వచ్చింది. ఏటేటా చీటీ, ఏటేటా సాలు. పద్నాలుగేండ్లు!

చదువైపోయి శైలజ ఇంటికొచ్చిన ఏడే కొత్త ఫాదర్ వచ్చినాడు, విజయ్ కుమార్ అని, హిందూపురం టౌనులో పెరిగిన పిల్లాయన. పాపసంకీర్తనానికి పోయి అరగంట చెప్పినా. ఆయన ఓపిగ్గా విని, "ఇవన్నీ ఎవరి పాపాలప్పా?" అన్నాడు.

"ఏసురత్నంవి ఫాదర్."

"నీవి చెప్పు."

"నావేముండాయి? పోగొట్టుకున్నోణ్ణి!"

"పద్నాలుగేండ్లు నోరు ఎందుకు తెరవలేదు? చేయాల్సింది చేయకపోయేది కూడా పాపమే."

ప్రాయశ్చిత్తం నాకు పడింది! చేను పోయింది నాది, మోకాళ్లు అరిగింది నావి. పైగా పోయి ఏసురత్నాన్నే నేరుగా అడగమన్నాడు.

పూజ అయినాక గుడి ముందరే, ఫాదర్ ఉండంగానే, అడిగేసినా. ఏసురత్నం కోప్పడలేదు. పాఠం చెప్పినట్లు చెప్పినాడు.

"దొంగతనమంటే సొంతదారుకు ఇష్టం లేకుండా తీసుకునేది పౌలూ. నువ్వు గట్టు మీద నిలబడి చూస్తాంటివి. వద్దని ఒక్క మాటన్నా అన్నావా? సమ్మతే అనుకుంటి."

"పద్నాలుగేండ్లు చూసినాడంట! మంచి కాపలాదారుడే," అని గుడి మెట్ల మీద కూర్చున్న తిప్పమ్మవ్వ నవ్వింది. గుడి ముందర ఉన్నోళ్లంతా నవ్వినారు.

ఫాదర్ నవ్వలేదు. "ఒకరి దగ్గరే కొంచెం కొంచెం తీస్తా పోతే అదంతా కూడి పెద్ద దొంగతనమే అవుతుంది. వాపసు ఇవ్వాల్సిందే," అన్నాడు.

ఏసురత్నం చేతులు జోడించినాడు. "ఇస్తా ఫాదర్. ఎట్ల తీసుకున్నానో అట్లే ఇస్తా."

టౌను ఫాదర్‌కు సేద్యం ఏం తెలుసు? సంతోషపడి ఇద్దరినీ ఆశీర్వదించి బండెక్కి పోయినాడు.

ఎట్ల తీసుకున్నాడో అట్లే ఇచ్చినాడు. ఏడాదికొక సాలు! తొలకరికి ఊరంతా చూస్తాండగా, కీర్తన పాడుకుంటా, గట్టును జానెడు వెనక్కి జరిపినాడు. మరుసటేడు అదునుకు వాన రాలేదు. "మడకే కట్టలేదు పౌలూ, సాలు యాడ తోలల్ల? చేతకానిదానికి బాధ్యత లేదు, అది కూడా ఉపదేశమే." నిజమే! నా చెట్టు నా చేనులోకి రావాలంటే ఇంకా అయిదు మంచి వానలు పడాల.

ఇంత గొప్ప ఉపదేశాన్ని నేను మాత్రం వాడుకోకూడదా? పాఠకులారా, మీ దగ్గర దాపరికమెందుకు! ఆ ఒక్క సాలు వెనక్కి వచ్చిన ఏడే, పడమటి పక్క దున్నుతాంటే నా ఎద్దు కూడా కొంచెం లింగప్ప చేనులోకి లాగింది. లింగప్ప గొర్రెలు కాసుకునే మనిషి. మా గుడి మెట్టెక్కినోడు కాదు. మూడు షరతులు తెలియవు, స్వల్ప పాపం తెలియదు. కర్ర పట్టుకొని గట్టు మీదికొచ్చినాడు.

"ఏమబ్బా, సాలు ఇట్లొస్తాండాది?"

"ఎద్దు లాగింది లింగప్పా. దానికి తెలివి యాడుండాది?"

"ఎద్దుకు లేదు సరే. మడక పట్టుకున్నోడికి లేదా?"

మడక తిప్పుకొని, ఆ సాలు కాళ్లతోనే పూడ్చేసినా.

ఎంత చిన్న మాట! తొంభైలో, ఆ మొదటి సాలు ముందర నిలబడి, ఆ మాట నేను అనలేకపోతి. సర్వేయరు కొలిచి రాసిచ్చిన లెక్క ప్రకారం, వాపసు వచ్చిన ఆ జానెడు తీసేసినా, అనలేకపోయిన ఆ మాట ఖరీదు ఆరూ ముక్కాలు సెంట్లు, ఒక కానుగ చెట్టు.