అయిదు నిమిషాల దూరదేశం

"దూరాన్ని కిలోమీటర్లలో కొలవకూడదు, హోదాలో కొలవాలి!" అని మా లెవ్కాని దీవి మేయరు పొలిక్రోనిస్ విమానాశ్రయంలో ప్రకటించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు. నా రెండు చేతులూ వాచిన దవడ మీదే ఉన్నాయి.

ఆ మహావాక్యానికి కారణం పళ్ల డాక్టరు గెరాసిమోస్. ఆయనది ఎదురుగా కనబడే పెద్దదీవి. నెలకోసారి విమానంలో మా దీవికి దయచేస్తాడు. అయిదే నిమిషాలు! అందులో బెల్టు బిగించుకునేలోపే విప్పుకోమంటారు. మధ్యలో ఏజియన్ సముద్రం ఉందన్న మాటే గానీ, వాళ్ల మేకలు అరిస్తే మా మేకలు బదులిస్తాయి.

డాక్టరు నుదురు తుడుచుకుంటూ దిగాడు.

"ప్రయాణ బడలికండీ! ఒళ్లంతా పులిసిపోయింది."

"ఉండదూ మరి! సముద్రం దాటి వచ్చారాయె!" అని మేయరు ఆయన సంచి అందుకున్నాడు.

"డాక్టరుగారూ, నా పన్ను..." అన్నాను.

"ఏమయ్యా సవ్వాస్, విమానం దిగిన మనిషిని ఊపిరి కూడా తీసుకోనివ్వవా? కాఫీ హోటలు నడుపుతావు, ఆమాత్రం మర్యాద తెలీదూ?" అని మేయరు కసిరాడు.

బడలిక తీరడానికి డాక్టరు నా హోటల్లోనే కూర్చుని, నిప్పుల మీద కాల్చిన ఆక్టోపస్ తిన్నాడు, సోంపు వాసన కొట్టే ఊజో సారా తాగాడు. నమలలేని నేనే వడ్డించాను. ఇంతలో మధ్యాహ్నపు నిశ్శబ్దవేళ వచ్చిపడింది. ఆ వేళలో చట్టప్రకారం మాకు సుత్తి మోగకూడదు, పియానో పలకకూడదు. డాక్టరు గుర్రు పెట్టాడు. నేను మూలిగాను. వెంటనే కానిస్టేబులు ప్రత్యక్షమయ్యాడు!

"మూలగాలంటే సముద్రం ఒడ్డుకి పోయి మూలుగు. ఇక్కడ పెద్దమనిషి పడుకున్నారు!"

పోయి మూలిగాను. చేపలేవీ ఫిర్యాదు చెయ్యలేదు.

సాయంత్రం డాక్టరు లేచి ఆవులించాడు. "అయ్యో, విమానం వేళయిపోయింది! తిరుగు ప్రయాణానికి కాస్త ఓపిక దాచుకోవాలి. ఈసారికి ఎవర్నీ చూళ్లేను," అన్నాడు. సంచి తాడు కూడా విప్పలేదు మహానుభావుడు!

"అంతదూరం ఒంటరిగా ఎలా పంపిస్తాం? నేను దిగబెట్టి వస్తా," అంటూ మేయరు మిగిలిన ఒక్క సీటూ ఆక్రమించాడు.

"ఆ సీటు నాకిప్పించండి, ప్రాణం పోతోంది!" అని బతిమాలాను.

"ఎప్పుడూ నీ గొడవేనా? నేను వెళ్లేది అతిథి మర్యాద కోసం!"

ఆ రాత్రి నొప్పికి కంటిమీద కునుకు పడితే ఒట్టు. మర్నాడు మొదటి విమానం ఎక్కి పెద్దదీవిలో దిగి, డాక్టరు ఆస్పత్రి తలుపు తోసుకుని లోపలికి వెళ్లాను. కుర్చీలో ఎవరో నోరు తెరుచుకుని కూర్చున్నారు. చూద్దును కదా, మా పొలిక్రోనిస్! డాక్టరు ఆయన పన్నుకి శ్రద్ధగా బంగారు తొడుగు వేస్తున్నాడు.

"డాక్టరుగారూ, ఇక ఓర్చుకోలేను. అక్కణ్ణించి విమానంలో వచ్చాను!" అన్నాను.

ఆయన తలైనా తిప్పలేదు.

"ఇవాళ కుదరదోయ్, మేయరుగారి పని పెద్దది. ఇంటికెళ్లి రేపు రా. అయిదు నిమిషాలేగా, అదీ ఒక ప్రయాణమేనా!"

నోటినిండా దూది ఉన్నా, మేయరు "ఊఁ, ఊఁ" అని ఆ మాటను గట్టిగా బలపరిచాడు.