కడుపులో అత్తగారు

ఆ రోజు ఆయన పెట్టుకున్న పని చాలా చిన్నది. ఎనిమిదింటికి ఆసుపత్రిలో కెమెరా మింగాలి, తొమ్మిదింటికి దుకాణం తెరవాలి, అయిదింటికి నడుముకు కట్టిన పెట్టె తిరిగి ఇచ్చెయ్యాలి. ఫొటోలకు పటాలు కట్టే ఆయన ఇదంతా భార్యకు వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పి బయలుదేరాడు.

నాలుగు నెలలుగా ఆయన ఒంట్లో రక్తం తగ్గిపోతోంది. మెట్లెక్కితే కళ్లు బైర్లు కమ్ముతున్నాయి. గొంతులోంచి గొట్టం వేసి చూశారు, కిందినుంచీ వేసి చూశారు, ఏమీ దొరకలేదు. ఆ రెండు గొట్టాలకూ అందని చిన్నపేగు మిగిలిపోయింది. దానికోసం క్యాప్సూల్ బిళ్లంత కెమెరా వచ్చిందనీ, మింగితే దీపం వెలిగించుకుంటూ, ఫొటోలు తీసుకుంటూ దాని దారిన అది పోతుందనీ, ఆ ఫొటోలన్నీ నడుం పెట్టెలోకి చేరతాయనీ డాక్టరు చెప్పాడు.

సాయంత్రం పెట్టె ఇచ్చేసి ఇంటికొచ్చిన మనిషి అన్నం ముట్టలేదు. కంచం ముందు కూర్చుని గోడకేసి చూస్తున్నాడు.

"లోపల ఏమైనా కదులుతున్నట్టుందా?" అంది భార్య.

"లేదు. అసలేం కదలటం లేదు" అన్నాడాయన. ఆ గొంతు ఆమెకు నచ్చలేదు.

మర్నాడు పొద్దున్నే డాక్టరు ఫోన్ చేశాడు. "మీ ఆయన్ని తీసుకురండమ్మా. ఇంట్లో పెద్దవాళ్లెవరైనా ఉంటే వాళ్లనీ తీసుకురండి." భార్య వెంటనే ఆడపడుచుకు కబురు పెట్టింది. ముగ్గురూ వెళ్లేసరికి డాక్టరు తెరలు దించిన చిన్న గదిలో కంప్యూటరు ముందు కూర్చుని ఉన్నాడు. కెమెరా మింగించిన నర్సు గోడకు ఆనుకుని నిలబడింది. ఆమె మొహంలో నెత్తురుచుక్క లేదు.

"ఇరవయ్యేళ్లుగా పేగులు చూస్తున్నాను. ఇలాంటి పేగు చూళ్లేదు" అన్నాడు డాక్టరు.

తెర మీద చీకటి. అందులో నారలు తేలిన గోధుమరంగు గోడలు. పేగుకు ఉండాల్సిన తడి లేదు, ముడత లేదు. ఎక్కడా ఒక్క కదలిక లేదు. అది మనిషి లోపలిలా లేదు, ఎవరో తలుపేసి వెళ్లిపోయిన ఇల్లులా ఉంది. పదకొండూ నలభైకి తీసిన ఫొటోలో, ఆ చీకట్లో ఒక కన్ను తెరుచుకుని ఉంది. తర్వాత ఫొటోలో అది దగ్గరికొచ్చింది. మరో నిమిషానికి దూరం జరిగింది. ఈసారి రెండో కన్నూ, ముక్కూ, బిగించిన పెదవులూ కనిపించాయి. తెల్లజుట్టు ముసలావిడ ఒకావిడ పటాలాయన కడుపులోంచి తిన్నగా వాళ్లవైపే చూస్తోంది.

"ఎవరో గుర్తుపట్టగలరా?" అన్నాడు డాక్టరు.

"మా అత్తగారు" అంది భార్య.

డాక్టరు కాస్త తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. "ఆవిణ్ణి ఒకసారి పిలిపిస్తారా?"

"పోయి మూడు నెలలైందండీ."

డాక్టరు లేచి, గదిలో దీపం వేసి, మళ్లీ కూర్చున్నాడు.

దీపం వేసినా తెర మీద ఆవిడ చూపు తిప్పలేదు. ముందు ఆడపడుచు తట్టుకోలేకపోయింది. "అమ్మా, ఆఖర్న మా ఇంటికి వస్తానన్నావు. ఇంటికి రంగులు వేయిస్తున్నాం, వాసన నీకు పడదన్నాను. రంగులూ లేవు, ఏమీ లేవు. నాకే ఓపిక లేకపోయింది" అని కూలబడి ఏడ్చింది.

ఇక కోడలు ఆగలేదు. "అత్తయ్యా, మీ రేడియో చెడిపోలేదు. బ్యాటరీ నేనే తిరగేసి పెట్టాను. పొద్దస్తమానం ఆ మోత భరించలేకపోయాను."

"నువ్వా? పాపం అమ్మ దాన్ని రోజూ తట్టి చూసుకునేదే" అంది ఆడపడుచు.

"మీ ఇంటికొస్తే తట్టే పని ఉండేది కాదుగా వదినా."

డాక్టరు ఫోన్ తీసుకుని వరండాలోకి వెళ్లాడు. "అమ్మా, భోంచేశావా? ఏం లేదు, ఊరికే" అనడం తలుపు సందులోంచి వినిపించింది.

పటాలాయన మాత్రం చెమటలు కక్కుతూ, చొక్కా జేబు గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు. అత్తగారే లోపల ఎక్కడో నొక్కుతోందేమోనని భార్య ఆయన పొట్టకేసి చూసింది. డాక్టరు తిరిగొచ్చి, పొట్ట తెరిచి చూడక తప్పదేమో, సర్జన్‌ని పిలుస్తానన్నాడు. అప్పుడు నర్సు భోరుమంది.

"సార్, ఆయన మింగానని తలూపారు. నేను నాలుక కింద చూళ్లేదు."

అందరూ పటాలాయనకేసి తిరిగారు. ఆయన జేబులోంచి కెమెరాబిళ్ల తీసి బల్ల మీద పెట్టాడు. దీపం ఆరిపోయి ఉంది.

"చిన్నప్పట్నుంచీ నాకు మాత్ర గొంతు దిగదు. నర్సమ్మ ముందు సిగ్గేసి దవడలో దాచుకున్నాను. దుకాణంలో నాలుగుసార్లు ప్రయత్నించి, కాసేపాగి మింగుదామని బల్ల సొరుగులో పెట్టాను. సొరుగులో అమ్మ ఫొటో ఉంది. మూడు నెలలుగా పటం కట్టడానికి చెయ్యి రావట్లేదు. సుత్తికోసం సొరుగు లాగినప్పుడల్లా అమ్మ మీద దొర్లినట్టుంది."

పెట్టె కట్టుకున్న నడుము రోజంతా ఆ సొరుగుకే ఆనుకుని ఉందని, అందుకే ఫొటోలు పెట్టెలోకి చేరాయని ఆయన చెప్పక్కర్లేకపోయింది.

"ఇంతసేపూ నోరెందుకు విప్పలేదు?" అంది భార్య.

"మీ ఇద్దరూ అమ్మతో మాట్లాడుతుంటే మధ్యలో రావడం బాగుండదనిపించింది" అన్నాడాయన.

రెండురోజుల తర్వాత నలుగురు కాపలా కాస్తుండగా ఆయన కొత్త కెమెరా మింగాడు. చిన్నపేగు మధ్యలో, కందిగింజంత ఎర్రటి మచ్చ దగ్గర నెత్తురు ఊరుతూ కనిపించింది. కొసన బుడగ అమర్చిన పొడవాటి గొట్టం లోపలికి పంపి, పొట్ట కొయ్యకుండానే ఆ మచ్చను మాడ్చేశారు. నెల తిరిగేసరికి ఆయన మెట్లు రెండేసి చొప్పున ఎక్కుతున్నాడు. వదినామరదళ్లు మాత్రం ఇంకా మాట్లాడుకోవడం లేదు.

ఇప్పుడా ఆసుపత్రిలో కెమెరా మింగినవాళ్ల చేత నర్సు నోరు తెరిపించి, నాలుక ఎత్తించి, ఆపైన ఇంట్లోవాళ్ల పేర్లు వరసగా చెప్పిస్తుంది, బతికున్నవాళ్లవి చాలంటుంది.